దుకాణం ఫోనుకు రెండు తాళాలు



ఆరోగ్య పత్రికలో సెల్ ఫోను తాళం గురించి ఎందుకు అని కొందరు అడగవచ్చు. సోంపేట, కవిటి, మందస, పలాస ప్రాంతాల నుండి ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలో చాలామందికి వైద్యం ఖర్చు ఒక చిన్న వ్యాపారం నుండే వస్తుంది. ఒకరిది కిరాణా కొట్టు, ఒకరిది కొబ్బరికాయల కొనుగోలు, ఒకరిది జీడిపప్పు, ఒకరిది చేపల బేరం. ఇరవై ఏళ్ల క్రితం ఈ వ్యాపారాలకు గల్లా పెట్టె, ఖాతా పుస్తకం వేరువేరుగా ఉండేవి. ఇప్పుడు రెండూ ఒక ఫోనులోనే ఉన్నాయి. బ్యాంకు ఖాతా అందులోనే, అప్పు పద్దులు అందులోనే, పనివారికి ఇవ్వవలసిన కూలి అందులోనే. రోగి రక్తపరీక్ష రిపోర్టులు, మందుల చీటీ ఫోటోలు కూడా అందులోనే.

ఇటువంటి ఫోను పోతే, లేదా ఎవరైనా మోసగాడు దానిలోకి ప్రవేశిస్తే, పోయేది వ్యాపారం డబ్బు ఒక్కటే కాదు. వచ్చే నెల మందులకు ఉంచుకున్న డబ్బు పోతుంది. కనుక ఈ నెల ఫోనుకు రెండు తాళాలు వేయడం ఎలాగో, అందులో స్మార్ట్ కార్డు చేసే పని ఏమిటో తెలుసుకుందాం.

తాళంచెవులు మూడు రకాలు

ఒక మనిషి తాను ఫలానా అని నిరూపించుకోవడానికి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, అతనికి తెలిసినది. ఉదాహరణకు పిన్ నంబరు, పాస్‌వర్డు.

రెండవది, అతని దగ్గర ఉన్నది. ఉదాహరణకు ఏటీఎం కార్డు, సిమ్ కార్డు, ఫోను.

మూడవది, అతని శరీరంలోనే ఉన్నది. ఉదాహరణకు వేలిముద్ర, ముఖం, కంటిపాప.

ఈ మూడింటిలో ఏవైనా రెండు వేరువేరు రకాలను కలిపి అడగడాన్ని టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ అంటారు. మనం రెండంచెల నిర్ధారణ అనుకుందాం. ఇక్కడ ముఖ్యమైన మాట "వేరువేరు రకాలు" అన్నది. పాస్‌వర్డు అడిగి, తరువాత పుట్టిన తేదీ అడిగితే అవి రెండు తాళాలు కావు. రెండూ తెలిసిన సంగతులే. ఒకటి చెప్పించుకోగలిగినవాడు రెండవదీ చెప్పించుకుంటాడు. అదే పాస్‌వర్డుతో పాటు చేతిలో కార్డు కూడా ఉండాలంటే, దూరాన కూర్చున్న దొంగకు పాస్‌వర్డు తెలిసినా కార్డు దొరకదు. కార్డు దొంగిలించినవాడికి పిన్ తెలియదు.

ఇది మనకు కొత్త ఆలోచన కాదు. బ్యాంకు లాకరుకు ఒక తాళంచెవి బ్యాంకు దగ్గర, ఒకటి మన దగ్గర ఉంటుంది. రెండూ కలిస్తేనే అది తెరుచుకుంటుంది. కానుకల పెట్టెకు రెండు తాళాలు వేసి, చెవులు ఇద్దరు పెద్దల దగ్గర ఉంచడం కూడా తెలిసిన పద్ధతే. పెద్దల మీద అనుమానం ఉండి అలా చేయరు. ఒకరి చెవి పోయినా పెట్టె భద్రంగా ఉండాలని చేస్తారు.

స్మార్ట్ కార్డు అంటే ఏమిటి?

మీ ఏటీఎం కార్డును చేతిలోకి తీసుకొని చూడండి. ముందువైపు బంగారు రంగులో చిన్న చదరం కనబడుతుంది. దాని కింద గోరంత కంప్యూటరు ఉంది. అదే చిప్. చిప్ ఉన్న కార్డునే స్మార్ట్ కార్డు అంటారు. ఫ్రాన్సు దేశస్థుడు రోలాన్ మొరెనో 1974లో ఇటువంటి కార్డుకు పేటెంటు పొందాడు. మీ ఫోనులోని సిమ్ కూడా స్మార్ట్ కార్డే. మొదటి సిమ్ కార్డులను 1991లో జర్మనీలోని ఒక సంస్థ ఫిన్లాండు ఫోను కంపెనీ కోసం తయారు చేసింది.

పాత కార్డులకు వెనుక నల్లని పట్టీ మాత్రమే ఉండేది. అది టేపు రికార్డరు క్యాసెట్ వంటిది. దానిలో రాసి ఉన్నదాన్ని చిన్న యంత్రంతో చదివి, ఇంకో కార్డు మీద అలాగే రాసుకోవచ్చు. అందుకే నకిలీ కార్డులు పుట్టాయి. చిప్ పనిచేసే తీరు వేరు. దాని లోపల ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను చిప్ ఎవరికీ చూపించదు. బ్యాంకు ప్రతిసారీ ఒక కొత్త లెక్క ఇస్తుంది. చిప్ తన రహస్య సంఖ్యతో ఆ లెక్క చేసి, జవాబు మాత్రమే బయటికి పంపుతుంది. ఈ రోజు జవాబును దొంగ విన్నా, రేపటి లెక్క వేరు కనుక అది అతనికి పనికిరాదు.

అందువలన మన రిజర్వు బ్యాంకు పాత పట్టీ కార్డుల స్థానంలో చిప్, పిన్ ఉన్న కార్డులు ఇవ్వాలని ఆదేశించి, బ్యాంకులకు 2018 డిసెంబర్ 31 వరకు గడువు ఇచ్చింది. అంతకు ముందే, 2009 ఆగస్టు 1 నుండి, కార్డు నంబరుతో ఇంటర్నెట్‌లో చేసే చెల్లింపులకు అదనంగా మరొక నిర్ధారణ తప్పనిసరి చేసింది. ఫోనుకు వచ్చే ఓటీపీ మనకు అలవాటయినది ఆ దారిలోనే.

మన రాష్ట్రంలో చూసిన పాఠాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్ కార్డు ద్వారా ఇచ్చే పద్ధతి వచ్చింది చాలామందికి గుర్తుండవచ్చు. లబ్ధిదారుని వేలిముద్రతో కార్డు ముడిపడి ఉండేది. 2010 నుండి 2012 వరకు పరిశోధకులు మన పొరుగున ఉన్న విజయనగరంతో సహా 8 జిల్లాలలో ఈ పద్ధతిని పరీక్షించారు. ఏ మండలంలో ముందు ప్రవేశపెట్టాలో చీటీ తీసినట్లు నిర్ణయించి, 157 మండలాలను పోల్చి చూశారు. ఆ మండలాల జనాభా సుమారు 1 కోటి 90 లక్షలు. కార్డులు వచ్చిన చోట ఉపాధి కూలి త్వరగా అందింది. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ సుమారు 22 నిమిషాలు తగ్గింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము కూడా తగ్గింది. ఏర్పాటు అన్ని చోట్లా పూర్తి కాకపోయినా ఈ మేలు కనబడింది. "డబ్బు ఎవరిదో వారి చేతికే" అన్నది రెండు తాళాల వలన ఎంత సాధ్యమో ఇది చూపింది.

రెండవ పాఠం చేదుది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి భూమి రిజిస్ట్రేషను పత్రాల మీద ఉన్న వేలిముద్రల నుండి రబ్బరు ముద్రలు తయారు చేసి, ఆ మనుషుల పేర్ల మీద సిమ్‌లు ఆన్ చేసినట్లు బయటపడింది. వేలిముద్ర మన శరీరంలోదే అయినా రహస్యం కాదు. పట్టుకున్న ప్రతి గ్లాసు మీదా దానిని వదిలిపోతాము. పాస్‌వర్డు దొంగిలిస్తే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేము. కనుక వేలిముద్ర కూడా ఒంటరిగా చాలదు. దానికి తోడు ఇంకొక రకం తాళం ఉండాలి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అనే సదుపాయం ఉంది. అది వేసి ఉంచి, పింఛను తీసుకునేటప్పుడు, రేషను తీసుకునేటప్పుడు తాత్కాలికంగా తీయవచ్చు.

మీరు ఇప్పటికే వాడుతున్న రెండు తాళాలు

ఫోను ద్వారా డబ్బు పంపే యూపీఐలో రెండంచెలు మొదటి నుండీ ఉన్నాయి. యాప్ పెట్టుకున్నప్పుడు మీ సిమ్ నుండి ఒక మెసేజ్ దానంతట అదే వెళ్లడం చూసి ఉంటారు. ఆ మెసేజ్‌తో బ్యాంకు మీ ఖాతాను ఆ ఫోనుకు, ఆ సిమ్‌కు ముడివేస్తుంది. అది మీ దగ్గర ఉన్నది. తరువాత మీరు వేసే యూపీఐ పిన్ మీకు తెలిసినది. పిన్ డబ్బు పంపడానికి అవసరం. డబ్బు తీసుకోవడానికి ఎన్నడూ అవసరం లేదు. "మీకు డబ్బు వేస్తున్నాము, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే అది మోసమని అక్కడే తెలుసుకోవచ్చు.

పలాస, కాశీబుగ్గ నుండి జీడిపప్పు లోడు పంపే వ్యాపారులకు ఈ-వే బిల్లు తెలుసు. ఆ వెబ్‌సైటులో కూడా రెండంచెల నిర్ధారణ తప్పనిసరి అయింది. ఏడాది వ్యాపారం 20 కోట్లు దాటినవారికి 2025 జనవరి 1 నుండి, 5 కోట్లు దాటినవారికి ఫిబ్రవరి 1 నుండి, మిగిలిన అందరికీ ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. పాస్‌వర్డు తరువాత, జీఎస్టీలో నమోదయిన ఫోను నంబరుకు ఓటీపీ వస్తుంది. ఇక్కడ ఒక్క సంగతి చూసుకోండి. నమోదయిన నంబరు ఎవరిది? మీదా, లెక్కలు రాసేవారిదా, మూడేళ్ల క్రితం మానేసిన గుమాస్తాదా? గుమాస్తాకు పని అప్పగించాలంటే మీ పాస్‌వర్డు ఇవ్వనక్కరలేదు. అతని నంబరుతో వేరే సబ్ యూజర్ ఖాతా తెరవవచ్చు. అతను పని మానిన రోజున దానిని తీసివేయవచ్చు.

టెండర్లు వేసేవారికి, కంపెనీ పత్రాలు దాఖలు చేసేవారికి డిజిటల్ సంతకం ఉంటుంది. పెన్ డ్రైవ్ వలె కనబడే ఆ డోంగిల్ లోపల ఉన్నది కూడా స్మార్ట్ కార్డు చిప్పే. డోంగిల్ దగ్గర ఉన్నది, దాని పిన్ తెలిసినది. అయితే చాలామంది ఆ డోంగిల్‌ను లెక్కలు చూసేవారి బల్ల సొరుగులో వదిలి, పిన్ కూడా దాని మీదే కాగితం ముక్క అంటించి రాస్తారు. అది తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినట్లే.

రెండు చెవులూ ఒకే మొలతాడుకు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రెండు తాళాలు వేసి, రెండు చెవులూ ఒకే మొలతాడుకు కట్టుకుంటే, మొలతాడు తెంపినవాడికి రెండూ దొరుకుతాయి. నేటి ఫోనులలో సరిగ్గా ఇదే జరుగుతోంది. బ్యాంకు యాప్ ఆ ఫోనులోనే. ఓటీపీ వచ్చే సిమ్ ఆ ఫోనులోనే. పాస్‌వర్డు మార్చుకోవడానికి వాడే ఈమెయిలు ఆ ఫోనులోనే. పిన్ నంబర్లు "అమ్మ పుట్టినరోజు" అనే పేరుతో కాంటాక్టులలో దాచినది కూడా ఆ ఫోనులోనే. బయట చూస్తే రెండు తాళాలు, లోపల ఒకటే.

ఫోను చేతికి దొరికినా తెర తాళం తీయలేని దొంగ ఏమి చేస్తాడు? సిమ్ ఊడదీసి తన ఫోనులో వేసుకుంటాడు. ఓటీపీలన్నీ ఇక అతనికే వస్తాయి. దీనికి మందు సిమ్ కార్డులోనే ఉంది. దానిని సిమ్ లాక్ అంటారు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర సిమ్ లాక్ అని ఉంటుంది. ఆన్ చేస్తే, ఫోను ఆపి తిరిగి వేసినప్పుడూ, సిమ్ వేరే ఫోనులో వేసినప్పుడూ పిన్ అడుగుతుంది. మొదట ఉండే పిన్ ఎంతో మీ సిమ్ కంపెనీవారిని అడిగి తెలుసుకొని, తరువాత మీ సొంత పిన్ పెట్టుకోండి. ఊహించి కొట్టవద్దు. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ మూసుకుపోయి, పియుకే అనే 8 అంకెల సంఖ్య అడుగుతుంది. అది పదిసార్లు తప్పయితే సిమ్ ఇక పనికిరాదు. ఈ కఠినత్వమే స్మార్ట్ కార్డు బలం. దొంగ కూర్చొని వేల సంఖ్యలు ప్రయత్నించడానికి అది అవకాశం ఇవ్వదు.

ఓటీపీలో మూడు మెట్లు

రెండవ తాళం అన్ని చోట్లా ఒకే బలంతో ఉండదు. మెట్లు మెట్లుగా చూద్దాం.

మొదటి మెట్టు మెసేజ్ ద్వారా వచ్చే ఓటీపీ. ఏమీ లేనిదానికంటే ఎంతో మేలు. కానీ దానిని మాటలతో చెప్పించుకోవచ్చు. బ్యాంకు అధికారిని అంటూ, పార్సిలు వచ్చిందంటూ ఫోను చేసేవాడు అడిగేది అదే. పైగా టవర్ ఉంటేనే అది వస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని తాకినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి, కరెంటు, ఫోన్లు ఆగిపోయాయి. అటువంటి రోజులలో మెసేజ్ కోసం చూసే తాళం తెరుచుకోదు.

రెండవ మెట్టు అథెంటికేటర్ యాప్. ఇది ఫోనులోని గడియారాన్ని, మొదట ఒకసారి ఇచ్చిన రహస్య సంఖ్యను కలిపి, సాధారణంగా ప్రతి 30 సెకండ్లకు ఒక కొత్త 6 అంకెల సంఖ్య తయారు చేస్తుంది. దీనికి సిగ్నల్ అవసరం లేదు. మీ సిమ్ నకలు తీసినవాడికి కూడా ఇది రాదు. ఈమెయిలు ఖాతాకు దీనిని పెట్టుకోవచ్చు. పెట్టుకున్న రోజునే ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి, ఇంటి పట్టాలు, బ్యాంకు పాసుపుస్తకాలు ఉంచే చోట భద్రపరచండి. ఫోనులో ఫోటో తీసి ఉంచవద్దు. అలా ఉంచితే మళ్లీ ఒకే మొలతాడు.

మూడవ మెట్టు విడిగా ఉండే తాళంచెవి. 2000ల మధ్యకాలంలో బ్లాక్‌బెర్రీ వ్యాపార ఫోనులకు ఒక చిన్న కార్డు రీడరు వచ్చింది. ఉద్యోగి తన గుర్తింపు స్మార్ట్ కార్డును అందులో పెట్టి, పిన్ కొడితేనే ఫోను తెరుచుకునేది. కార్డు తీసివేస్తే ఫోనుకు తాళం పడేటట్లు కార్యాలయం ఏర్పాటు చేసుకోవచ్చు. అమెరికా సైన్యం వంటి చోట్ల అలా వాడారు. ఇప్పుడు అదే ఆలోచన సెక్యూరిటీ కీ రూపంలో వచ్చింది. తాళంచెవి గుత్తికి తగిలించుకోవచ్చు. ఫోనుకు గుచ్చితే, లేదా వెనుక తాకిస్తే పనిచేస్తుంది. లోపల చిప్ చేసేది మనం పైన చెప్పుకున్న లెక్కే. నకిలీ వెబ్‌సైటు అడిగితే అది జవాబు ఇవ్వదు, ఎందుకంటే సైటు పేరును కూడా అది సరిచూస్తుంది. మనిషి మోసపోయినా చెవి మోసపోదు. గూగుల్ సంస్థ 2017 మొదటి నుండి తన 85,000 మందికి పైగా ఉద్యోగులకు ఇటువంటి చెవులు తప్పనిసరి చేసింది. ఆ తరువాత నకిలీ సైట్ల వలన ఒక్క ఉద్యోగి ఖాతా కూడా దొంగల చేతికి పోలేదని 2018లో తెలిపింది.

ప్రతి చిన్న దుకాణానికీ అటువంటి చెవి కొనమని చెప్పడం లేదు. దానికి కొన్ని వేల రూపాయలు అవుతాయి, మన బ్యాంకు యాప్‌లు అన్నీ దానిని ఒప్పుకోవు కూడా. కానీ వ్యాపారం మొత్తం ఒక ఈమెయిలు ఖాతా మీద ఆధారపడినవారు ఆలోచించవలసినదే. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన నిబంధనలు కూడా, 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు, డిజిటల్ చెల్లింపులకు రెండంచెలు ఉండాలంటూ, మెసేజ్ ఓటీపీయే కాక వేరే పద్ధతులకు దారి తీశాయి.

డయాలసిస్ రోజున ఫోను ఎవరి చేతిలో?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న ప్రత్యేకంగా అడగవలసి ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న కుటుంబాలు ఎన్నో. డయాలసిస్ వారానికి రెండు, మూడుసార్లు చేయించాలి. ఒక్కసారికి సుమారు నాలుగు గంటలు పడుతుంది, ప్రయాణం వేరు. దుకాణం చూసే మనిషే రోగిని తీసుకువెళ్లాలి. కొన్నిసార్లు దుకాణం చూసే మనిషే రోగి. అప్పుడు దుకాణంలో కూర్చున్న కుర్రవాడికి ఫోను ఇచ్చి, పిన్ చెప్పి వెళ్లడం జరుగుతుంది. తొందరలో అతని వేలిముద్ర కూడా ఫోనులో ఎక్కిస్తారు. ఆ వేలితో తెర మాత్రమే తెరుచుకుంటుందని అనుకోవద్దు. వేలిముద్రతో తెరుచుకునే బ్యాంకు యాప్‌లు కూడా తెరుచుకుంటాయి.

కుర్రవాడు మంచివాడే కావచ్చు. కానీ మోసగాడు ఫోను చేసినప్పుడు ఎత్తేది అతనే. "మీ యజమాని ఆసుపత్రిలో ఉన్నారు, అత్యవసరంగా డబ్బు కావాలి" అంటే అతను భయపడతాడు. డబ్బు పోయిన తరువాత నింద కూడా అతని మీదే పడుతుంది. కనుక అతనికి పిన్ ఇవ్వకపోవడం అతనికి కూడా రక్షణే.

దీనికి మార్గాలు ఉన్నాయి. డబ్బు తీసుకోవడానికి క్యూఆర్ కాగితం, డబ్బు పడిందని చెప్పే సౌండ్ బాక్సు చాలు. ఫోను దుకాణంలో వదలనక్కరలేదు. కొన్ని వ్యాపార యాప్‌లలో పనివారికి వేరే లాగిన్ ఇవ్వవచ్చు. దానిలో వచ్చిన డబ్బు కనబడుతుంది, పంపడానికి వీలుండదు. ఇంటివారు సరుకుకు డబ్బు కట్టాలంటే 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ ఉంది. మీ ఖాతా నుండి భార్యకో, కొడుకుకో నెలకు 15,000 రూపాయలు, ఒక్కసారికి 5,000 రూపాయలు మించకుండా చెల్లించే అధికారం ఇవ్వవచ్చు. లేదా ప్రతి చెల్లింపు మీరు ఒప్పుకుంటేనే జరిగేటట్లు పెట్టవచ్చు. మీ పిన్ మీ దగ్గరే ఉంటుంది. వైద్యానికి ఉంచిన డబ్బును యూపీఐకి కలపని వేరే ఖాతాలో ఉంచడం అన్నిటికంటే మంచిది.

ఈ వారంలోనే చేయవలసినవి

1. ఫోను తెరకు కనీసం 6 అంకెల తాళం పెట్టండి. దానిని, యూపీఐ పిన్‌ను, ఏటీఎం పిన్‌ను ఒకటే పెట్టవద్దు.

2. ఫోనులో ఎవరెవరి వేలిముద్రలు ఉన్నాయో చూడండి. మీవి కానివి తీసివేయండి.

3. సిమ్ లాక్ వేయండి. పియుకే సంఖ్య కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి.

4. ఈమెయిలు ఖాతాకు రెండంచెల నిర్ధారణ పెట్టండి. మిగిలిన ఖాతాల పాస్‌వర్డులన్నీ దాని ద్వారానే మారతాయి.

5. వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్ దగ్గర 6 అంకెల పిన్ పెట్టండి. మీ వాట్సాప్ పోతే దొంగ మీ పేరుతో మీ ఖాతాదారులను, దూరదేశంలో ఉన్న మీ పిల్లలను డబ్బు అడుగుతాడు.

6. తెర తాళం వేసి ఉన్నప్పుడు మెసేజ్‌లు పైన కనబడకుండా నోటిఫికేషన్ సెట్టింగ్ మార్చండి. లేకపోతే తాళం తీయకుండానే ఓటీపీ చదవవచ్చు.

7. స్టార్ హ్యాష్ సున్న ఆరు హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య వస్తుంది. దానిని ఖాతా పుస్తకం మొదటి పేజీలో రాయండి.

ఫోను పోతే మొదటి గంటలో

గుండెనొప్పి వచ్చినప్పుడు వలె ఇక్కడ కూడా మొదటి గంట ముఖ్యం. క్రమం ఇది.

వేరే ఫోను నుండి సిమ్ కంపెనీకి ఫోను చేసి సిమ్ ఆపించండి. వెంటనే బ్యాంకుకు ఫోను చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించండి. ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోను చేయండి. డబ్బు దొంగ చేతికి చేరే ముందు మధ్య ఖాతాలో నిలిపివేయడానికి వీలున్నది మొదటి గంటలలోనే. తరువాత పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితంతో సంచార్ సాథీ వెబ్‌సైటులో ఐఎంఈఐ సంఖ్య ఇచ్చి ఫోనును బ్లాక్ చేయించండి. ఆ పోర్టల్‌ను కేంద్ర ప్రభుత్వం 2023 మేలో ప్రారంభించింది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా అందులో చూసుకోవచ్చు.

త్వరగా తెలపడానికి ఇంకొక కారణం ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశంలో, మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాడి వలన డబ్బు పోతే, సమాచారం అందిన 3 పనిదినాలలో బ్యాంకుకు తెలిపినవారి మీద నష్టం పడకూడదని చెప్పింది. పిన్, ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలిపే వరకు పోయిన డబ్బు మనదే. తెలిపిన తరువాత పోయినది మాత్రం బ్యాంకు భరించాలి. అంటే ఆలస్యమైన ప్రతి నిమిషం మన ఖర్చే.

కొందరు అడిగే ప్రశ్నలు

ఫోను ఉన్నట్టుండి సిగ్నల్ లేకుండా పోయింది. తుఫాను లేదు, పక్కవారికి సిగ్నల్ ఉంది. ఏమి చేయాలి?

ఎవరైనా మీ పేరుతో నకలు సిమ్ తీసుకొని ఉండవచ్చు. కొత్త సిమ్ పనిచేయగానే పాతది ఆగిపోతుంది. ఊరుకోకుండా వెంటనే సిమ్ కంపెనీకి, బ్యాంకుకు ఫోను చేయండి.

నేను చదువుకోలేదు. ఇవన్నీ నా మనుమడు చేస్తే తప్పా?

చేయించుకోండి. పక్కన కూర్చోండి. పిన్ మాత్రం మీరే మీ చేతితో కొట్టండి, ఆ సమయంలో అతనిని పక్కకు చూడమనండి. మంచి పిల్లవాడు నొచ్చుకోడు, నేర్చుకుంటాడు.

నేను చనిపోతే నా ఇంటివారికి డబ్బు ఎలా అందుతుంది?

పిన్ రాసి ఉంచడం దీనికి జవాబు కాదు. ప్రతి ఖాతాకు నామినీ పేరు రాయించండి. ఏ బ్యాంకులో ఏ ఖాతా ఉందో ఇంటివారికి తెలిసేటట్లు కాగితం మీద ఉంచండి. దీర్ఘవ్యాధి ఉన్నవారు ఈ పని వాయిదా వేయవద్దు.

ఇంత శ్రమ ఎందుకు, నా ఖాతాలో ఉన్నదే పది, పన్నెండు వేలు?

ఆ పది, పన్నెండు వేలే కొన్ని ఇళ్లలో నెల మందులు, బస్సు చార్జీలు, బియ్యం. పెద్ద వ్యాపారికి పోయిన సొమ్ము మళ్లీ రావచ్చు. చిన్న ఇంటికి అదే పోతే ఒక డయాలసిస్ తప్పిపోవచ్చు. తాళం అవసరం ఎక్కువగా ఉన్నది ఆ ఇంటికే.

ఈ కాగితం చదివిన తరువాత ఇంట్లో ఫోను వాడే మరొకరికి కూడా చదివి వినిపించండి. సిమ్ లాక్ వేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది.